బాగ్దాద్ మ్యూజియం సొత్తు తిరిగొచ్చేసిందా? ఇరాక్ యుద్ధంలో అసలు పోయిందేమిటి?

విభాగం: చరిత్ర, పురావస్తువులు

మట్టిపలక | సీనియర్ సభ్యులు | శనివారం రాత్రి 9:10

మొన్న నాణేల థ్రెడ్‌లో ఒకాయన "బాగ్దాద్ మ్యూజియంలో పోయినవన్నీ తిరిగొచ్చాయి కదా, ఇంకా ఆ గోల దేనికి" అన్నారు. అక్కడ రాస్తే నాణేల సంగతి పక్కదారి పడుతుందని వేరే థ్రెడ్ పెడుతున్నా.

2003 ఏప్రిల్ 8న సిబ్బందిలో చివరివాళ్లు మ్యూజియం వదిలి వెళ్లారు. 10 నుంచి 12 దాకా దోపిడీ నడిచింది. అమెరికా ట్యాంకులు కాపలాకి వచ్చింది 16న. మొదట్లో పేపర్లు లక్షా డెబ్బై వేల వస్తువులు పోయాయని రాశాయి. అది మ్యూజియం మొత్తం సేకరణ లెక్క, పోయినవాటిది కాదు. పోయినవి సుమారు 15 వేలు. అందులో సగం అటూ ఇటూగా తిరిగొచ్చాయి. 'లక్షా డెబ్బై వేలు అబద్ధం కాబట్టి మొత్తం ప్రచారమే' అని తేల్చేసినవాళ్లు అప్పుడూ ఉన్నారు.

గ్యాలరీల్లోంచి పోయిన పెద్ద వస్తువులు నలభై దాకా. వార్కా పాత్ర వాటిలో ఒకటి. మీటరు ఎత్తు అలబాస్టర్ రాయి, ఐదు వేల ఏళ్ల నాటిది, ఇనన్నా దేవత గుడికి బుట్టలు మోసుకెళ్తున్న మనుషులు వరుసగా చెక్కి ఉంటారు. పాదం దగ్గర విరగ్గొట్టి తీసుకెళ్లారు. ఆ జూన్‌లో ముగ్గురు మనుషులు కారు డిక్కీలో పెట్టుకొచ్చి అప్పగించారు, 14 ముక్కలుగా. వార్కా స్త్రీ ముఖం అనే పాలరాతి శిల్పం సెప్టెంబర్‌లో ఒక తోటలో పాతిపెట్టి ఉండగా దొరికింది. బస్సెట్కీ విగ్రహం 150 కిలోల రాగి. దాన్ని ఈడ్చుకెళ్తుంటే మ్యూజియం మెట్లే పగిలాయి. ఒళ్లంతా గ్రీజు పూసి మురుగు గుంతలో దాచారు, నవంబర్‌లో బయటపడింది.

అంత బరువైనవి, అంత పేరున్నవి ఎక్కడ అమ్ముకుంటారు? అందుకే తిరిగొచ్చాయి. బేస్‌మెంట్‌లోంచి పోయినవి వేరే కథ. అవి ముద్రల లాంటి చిన్న సరుకు.

గోదారి_గట్టు | శనివారం రాత్రి 9:34

మాస్టారూ, ఆ బేస్‌మెంట్ కథ ఏదో సగంలో ఆపేశారు. పూర్తి చేయండి.

మట్టిపలక | శనివారం రాత్రి 9:58

బేస్‌మెంట్‌లో ఒక మూల గది. దాని వెనక తలుపు ఇటుకలతో కట్టేసి ఉండేది. ఆ గది ఉందని, అందులో ఏముందని తెలిసినవాడే అక్కడికి పోగలడు. వచ్చినవాళ్ల దగ్గర ఇనుప బీరువాల తాళంచెవులు కూడా ఉన్నాయి. కరెంటు లేదు. వస్తువులు చుట్టడానికి పెట్టిన ఫోమ్ ముక్కలు అంటించి ఆ వెలుగులో వెతికారు. ఆ పొగలో, చీకట్లో తాళంచెవులు చేతిలోంచి జారిపోయాయి. దాంతో బీరువాల్లోని నాణేలు, నగలు బతికాయి. కింద ప్లాస్టిక్ పెట్టెల్లో ఉన్న ముద్రలు, పూసలు పోయాయి.

ముద్రలంటే బొటనవేలంత రాతి గొట్టాలు. తడి మట్టి మీద దొర్లిస్తే బొమ్మ, పేరు పడతాయి. దాదాపు ఐదు వేలు ఎత్తుకుపోయారు. ఒక చిన్న బ్యాగులో పట్టేస్తాయి.

సిబ్బంది చేతులు ముడుచుకుని కూర్చున్నారని మాత్రం అనుకోకండి. యుద్ధానికి ముందే షో కేసుల్లోని ఎనిమిది వేలకు పైగా వస్తువుల్ని ఒక రహస్య గదికి తరలించారు. ఆ చోటు తెలిసిన కొద్దిమందీ ఖురాన్ మీద ఒట్టేసుకున్నారు. అవి ఒక్కటీ పోలేదు. నిమ్రుద్ బంగారం, అంటే అస్సీరియా రాణుల సమాధుల్లో దొరికిన నగలు, అంతకు చాలా ముందే సెంట్రల్ బ్యాంకు ఖజానాలో చేరింది. ఆ ఖజానాలోకి నీళ్లొచ్చాయి, అయినా పెట్టెలు భద్రంగా దొరికాయి.

నిప్పులాంటి_నిజం | శనివారం రాత్రి 10:21

పెద్దలు ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఆ యుద్ధంలో లక్షల్లో మనుషులు పోయారు. ఆస్పత్రుల్లో మందుల్లేవు. మీరు ఇక్కడ కుండలు, రాతి గొట్టాలు లెక్కపెడుతున్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి వెళ్లి వార్కా పాత్ర గురించి చెప్పగలరా?

గోదారి_గట్టు | శనివారం రాత్రి 10:29

ఎవరూ తల్లి దగ్గరికి వెళ్లి పాత్ర గురించి చెప్పమనడం లేదండీ. రెండింటికీ ఏడవొచ్చు, ఒకదానికి ఏడిస్తే రెండోదానికి కన్నీళ్లు తక్కువ పడవు.

పైగా వీటిని కాపాడబోయి పోయినవాళ్లూ మనుషులే. సిరియాలోని పాత నగరం పాల్మైరాలో ఖాలెద్ అల్ అసాద్ ఎనభై దాటిన పెద్దాయన, నలభై ఏళ్లు ఆ శిథిలాలకు అధిపతిగా చేశారు. 2015 ఆగస్టులో ఐసిస్ ఆయన తల నరికింది. దాచిన వస్తువుల ఆచూకీ చెప్పలేదన్నది ఒక కారణంగా అప్పట్లో వార్తల్లో వచ్చింది. ఆయన్ని చంపిన కొన్ని రోజులకే బాల్‌షమిన్ గుడి, ఆ నెలాఖరుకి బెల్ గుడి పేల్చేశారు.

సిరిసిల్ల_శీను | కొత్త సభ్యులు | శనివారం రాత్రి 11:47

నమస్తే సార్. ఇన్నాళ్లు చదవడమే కానీ రాయలేదు. నేను ఇరాక్‌లో నాసిరియా దగ్గర అమెరికా వాళ్ల క్యాంపులో కిచెన్‌లో పని చేసిన. మా జిల్లా వాళ్లు, జగిత్యాల వాళ్లు ఇంకా మస్తు మంది ఉండేవాళ్లు. ఆ క్యాంపు కంచె లోపలే పెద్ద ఇటుకల దిబ్బ ఉండేది, మెట్లతో. ముందు మేమది ఏదో పాత కోట అనుకున్నాం. తర్వాత తెలిసింది, ఊర్ అనే ఊరట, నాలుగు వేల ఏళ్ల గుడి అట. సైనికులకు టూర్లు ఉండేవి. మాకు లేవు. ఒకసారి తాగునీళ్లు, లంచ్ ప్యాకెట్లు దించడానికి పోయినప్పుడు దగ్గరి నుంచి చూసిన.

ఇటుకల మధ్యలో నల్లటి తారు ఉంటది సార్. నేను మొదట ఇప్పటివాళ్లు రిపేర్ చేసిందనుకున్నా. అప్పటిదే అన్నాడు అక్కడి కాపలా ముసలాయన. కొన్నిచోట్ల ఇటుకల వరుసల నడుమ చాపలాగ గడ్డి అల్లిక అచ్చు కనిపిస్తది. ఒక పక్క గోడంతా గుంతలు గుంతలు. అవి తుపాకీ దెబ్బలని చెప్పిండు.

ఇది మీరు చెప్పే మ్యూజియం లెక్కలోకి వస్తదో రాదో తెలియదు.

మట్టిపలక | ఆదివారం ఉదయం 6:40

శీను గారూ, రాకపోవడమేమిటి, ఇక్కడ అసలు చర్చ దాని గురించే. ఇలాంటి మాట రాయగలిగేవాళ్లు ఈ ఫోరంలో మీరొక్కరే ఉన్నారేమో.

మీరు చూసింది ఊర్ జిగ్గురాత్, అంటే మెట్లు మెట్లుగా కట్టిన గుడి దిబ్బ. ఉర్-నమ్ము అనే రాజు కట్టించాడు, ఆయన పేరు అచ్చుకొట్టిన ఇటుకలు ఇప్పటికీ ఉన్నాయి. ఇటుకలకు తారు, మధ్యలో రెల్లు చాపలు వాళ్ల పద్ధతే. కింది అంతస్తు ముఖం, మెట్లు మాత్రం 1980ల్లో సద్దాం ప్రభుత్వం కొత్తగా కట్టించింది. గోడ మీది గుంతలు 1991 యుద్ధానివి. వందల్లో ఉన్నాయి. అప్పుడు సద్దాం సైన్యం తన యుద్ధ విమానాల్ని తెచ్చి ఆ గుడి పక్కన నిలబెట్టింది. గుడి ఉంది కాబట్టి బాంబు వేయరని ధీమా. అంటే గుడినే డాలుగా వాడుకున్నారు. 2003 తర్వాత ఆ ప్రాంతం మొత్తం అమెరికా స్థావరం కంచెలో ఉండిపోయింది, 2009 మే నెలలో ఇరాకీలకు తిరిగి అప్పగించారు.

కంచెలో ఉండటం వల్ల ఊర్‌కి దొంగల బెడద తప్పిందన్నదీ నిజమే. దక్షిణ ఇరాక్‌లో ఆ అదృష్టం దక్కని దిబ్బలు, అంటే కింద పాత ఊళ్లు పూడిపోయి ఉన్నవి, ఎన్నో.

కొలనుపాక_కుర్రోడు | ఆదివారం ఉదయం 9:05

ఎంఏ ఆర్కియాలజీ రెండో సంవత్సరం స్టూడెంట్‌ని. సర్, బాబిలోన్‌లో కూడా క్యాంపు పెట్టారు కదా? అక్కడ కాపాడారా, పాడు చేశారా? రెండు రకాలుగానూ చదివాను, కన్‌ఫ్యూజన్‌గా ఉంది.

మట్టిపలక | ఆదివారం ఉదయం 10:30

రెండూ జరిగాయి. సైన్యం ఉండటంతో దొంగలు రాలేదు, కానీ చెడగొట్టే పని ఆ సైన్యమే చేసింది. 2003 ఏప్రిల్‌లో అమెరికా దళాలు దిగాయి, తర్వాత పోలండ్ దళాల చేతికి వచ్చింది. క్యాంపు ఎత్తేసే సమయంలో బ్రిటిష్ మ్యూజియం నుంచి జాన్ కర్టిస్ వెళ్లి చూసి 2005 జనవరిలో నివేదిక ఇచ్చారు. ఊరేగింపు బాట మీది 2,600 ఏళ్ల నాటి ఇటుకలు బరువు వాహనాల కింద నలిగాయి. ఇష్తార్ ద్వారం మీది డ్రాగన్ బొమ్మల్లోంచి ఇటుకలు పీకే ప్రయత్నం జరిగింది. కందకాలు తవ్వారు, ఒకటి 170 మీటర్ల పొడవు. హెలికాప్టర్లు దిగడానికి నేల చదును చేసి బయటి నుంచి తెచ్చిన కంకర పరిచారు.

వీటన్నిటికంటే నాకు బాధ కలిగించింది మట్టి సంచుల సంగతి. శీను గారూ, హెస్కో అంటే మీకు తెలిసే ఉంటుంది, ఈ కుర్రాడికి చెప్పండి.

సిరిసిల్ల_శీను | ఆదివారం మధ్యాహ్నం 1:15

హెస్కో తెలియకుండ ఎట్లుంటది సార్, మా రూముల చుట్టూ అవే. ఇనుప జాలి పెట్టె ఉంటది, మనిషి ఎత్తు. లోపల దళసరి గుడ్డ. మడిచి తెస్తారు, విప్పి వరుసగా నిలబెడతారు. లోడర్ వచ్చి పైనుంచి మట్టి పోస్తది. ఒక్క రోజుల గోడ లేస్తది. రాకెట్ పడ్డా ఆగుతది. మేము దాని నీడకే బట్టలు ఆరేసేవాళ్లం.

మట్టి ఎక్కడిదని ఎవడూ అడగడు. దగ్గర్ల ఏది ఉంటే అది.

మట్టిపలక | ఆదివారం మధ్యాహ్నం 2:02

బాబిలోన్‌లో ఆ 'దగ్గర్లో ఉన్న మట్టి' బాబిలోనే. పెంకులు, ఎముకలు, బాబిలోన్ రాజు నెబుకద్‌నెజర్ ముద్ర ఉన్న ఇటుక ముక్కలు ఆ సంచుల్లో, పెట్టెల్లో కనిపించాయి. ఇది తప్పని గోల పుట్టాక ఏం చేశారంటే, బయటి నుంచి మట్టి తెచ్చి నింపడం మొదలుపెట్టారు. పురావస్తువాళ్లకి ఇది ఇంకా ఘోరం. సంచులు చిరిగి ఆ మట్టి నేల మీద కలిసిపోతే, రేపు తవ్వినవాడికి దొరికే పెంకు బాబిలోన్‌దో, ఎక్కడి నుంచో లారీలో వచ్చిందో ఎలా తెలుస్తుంది?

సద్దాం ఏమీ తక్కువ తినలేదు. పాత గోడల మీదే కొత్త గోడలు లేపి, తన పేరు అచ్చేసిన ఇటుకలు పెట్టించాడు. ఎదురుగా దిబ్బ కట్టించి దాని మీద ప్యాలెస్. అన్నీ భరించి 2019లో బాబిలోన్ ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

శాతవాహన_పొటిన్ | ఆదివారం సాయంత్రం 4:44

మొన్న ఆ మాట అన్నది నేనే కాబట్టి నా వాదన చెప్పనివ్వండి. పాతికేళ్లుగా నాణేలు సేకరిస్తున్నాను. దేశం తగలబడిపోతున్నప్పుడు ఒక ముద్రో పలకో లండన్లోనో దుబాయ్‌లోనో ఎవరి బీరువాలోనో ఉంటే బతికినట్టే కదా? మోసుల్ మ్యూజియంలో 2015లో సుత్తులతో పగలగొట్టారు. నిమ్రుద్‌లో బుల్‌డోజర్లు, పేలుడు పదార్థాలు. ముందే ఎవరైనా కొనుక్కుపోయి ఉంటే అవి మిగిలేవి. సేకర్తలను దొంగలతో కలిపి తిట్టడం నాకు నచ్చదు.

కొలనుపాక_కుర్రోడు | ఆదివారం సాయంత్రం 5:20

> ఎవరి బీరువాలోనో ఉంటే బతికినట్టే కదా?

అన్నా, ఇరిసగ్రిగ్ అనే ఊరి సంగతి మా సెమినార్‌లో చెప్పారు. 2003 తర్వాత మార్కెట్లోకి రాత ఉన్న మట్టి పలకలు వేలకొద్దీ వచ్చాయి, వాటిలో ఈ ఊరి పేరు. చదివితే గుడులు, భవనాలు, పనివాళ్ల లెక్కలు అన్నీ ఉన్నాయి. ఊరు మాత్రం మ్యాప్‌లో ఫలానా దిబ్బే అని పక్కాగా చూపించలేకపోయారు. తవ్వినవాడు చెప్పడు, అమ్మినవాడు చెప్పడు. ఏ గదిలో ఏ పలక ఉంది, దేని పక్కన ఏది ఉంది, ఏ పొరలో ఉంది, అంతా పోయింది. పలక బతికింది, ఊరు పోయింది.

ఆ పలకల్లో కొన్ని అమెరికాలో హాబీ లాబీ అనే క్రాఫ్ట్ దుకాణాల కంపెనీకి చేరాయి. 2010లో 16 లక్షల డాలర్లకు కొన్నారు. పార్సిళ్ల మీద 'టైల్స్ శాంపిళ్లు' అని రాసి తెప్పించారు. 2017లో 30 లక్షల డాలర్లు కట్టి, వస్తువులు వదులుకున్నారు. మరుసటేడు 3,800 దాకా ఇరాక్‌కి వెనక్కి పంపారు.

మట్టిపలక | ఆదివారం సాయంత్రం 6:11

తమ్ముడు నా పని తేలిక చేశాడు. పొటిన్ గారూ, సుత్తులతో పగలగొట్టిన వీడియో మీరూ నేనూ అందరం చూశాం, అది చూపించడానికే తీశారు. ఉమ్మా, ఇసిన్ లాంటి పాత నగరాల దిబ్బల మీద రాత్రిళ్లు పారలతో జరిగినదానికి వీడియో లేదు. ఉపగ్రహ చిత్రాల్లో పక్కపక్కనే వేల గుంతలు కనిపిస్తాయి. 1991 తర్వాత ఆంక్షల కాలంలోనే ఇది మొదలైంది, పంటకి గిట్టుబాటు లేని రైతు పార పట్టుకున్నాడు. 2003లో కాపలావాళ్లు కూడా పోయేసరికి గుంపులుగా దిగారు. ఐసిస్ కూడా ఒక చేత్తో పగలగొట్టి రెండో చేత్తో అమ్ముకుంది. మోయలేనిది పగిలింది, మోయగలిగింది బేరానికి వెళ్లింది.

యుద్ధం తలుపు తీస్తుంది, తవ్వించేది కొనేవాడు. కొనేవాడు లేకపోతే ఆ రైతు అర్ధరాత్రి ఆ దిబ్బ ఎక్కడు. ముద్ర తిరిగొచ్చినా అది ఉన్న గది తిరిగి రాదు. సేకర్తలందరూ దొంగలని నేననలేదు. మీ బీరువా వస్తువుని కాపాడిందనే మాట మాత్రం ఒప్పుకోను.

నిప్పులాంటి_నిజం | ఆదివారం సాయంత్రం 6:30

సరే, ఆ పలకల్లో ఉన్నదేమిటి ఇంతకీ? రాజుల గొప్పలేగా?

కొలనుపాక_కుర్రోడు | ఆదివారం సాయంత్రం 6:52

రాజుల గొప్పలు తక్కువండీ. ఉమ్మా వైపు దొరికినవాటిలో ఎక్కువ భాగం లెక్కల పలకలే. ఎవరు ఎన్ని రోజులు కాలువ తవ్వారు, పడవ లాగారు, నేత పనికి ఎంతమంది ఆడవాళ్లు వచ్చారు, ఎవరికెంత బార్లీ కొలిచారు. మామూలుగా మగ కూలీకి నెలకి 60 లీటర్ల దాకా, ఆడ కూలీకి 30. పనికి రానివాళ్లు, పారిపోయినవాళ్లు, చచ్చిపోయినవాళ్లు కూడా రాసి ఉంటారు.

సిరిసిల్ల_శీను | ఆదివారం రాత్రి 8:03

అంటే హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు. ఆడోళ్లకు సగమే అప్పట్నుంచే ఉన్నదన్నమాట.

గోదారి_గట్టు | ఆదివారం రాత్రి 8:40

ఇంతకీ చట్టం ఏం చేస్తోంది? 1954 హేగ్ ఒప్పందం ఉంది కదా, యుద్ధంలో సాంస్కృతిక సంపదని ముట్టుకోకూడదని. మన దేశం 1958లోనే ఒప్పుకుంది. 2003లో బాగ్దాద్‌లోకి వెళ్లిన రెండు పెద్ద దేశాలూ అప్పటికి దాన్ని ఆమోదించనే లేదు. అమెరికా 2009లో, బ్రిటన్ 2017లో ఆమోదించాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు, ఇక్కడ ఆరేళ్లు, పద్నాలుగేళ్లు.

తెలియక జరిగిందనడానికీ లేదు. చికాగో యూనివర్సిటీ ప్రొఫెసర్ మెగ్వైర్ గిబ్సన్ లాంటివాళ్లు 2003 జనవరిలోనే పెంటగాన్‌కి వెళ్లి మ్యూజియం గురించి, దిబ్బల గురించి హెచ్చరించారు. బాగ్దాద్‌లో ఆయిల్ మంత్రిత్వ శాఖకి కాపలా దొరికింది. మ్యూజియానికి దొరకలేదు. దోపిడీ జరుగుతుంటే అప్పటి అమెరికా రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ టీవీలో, ఎవడో కుండ పట్టుకుపోతున్న ఒకే దృశ్యాన్ని ఇరవై సార్లు చూపిస్తున్నారు, ఆ దేశంలో అన్ని కుండలున్నాయా అని జోకేశాడు. జనం నవ్వారు కూడా.

మట్టిపలక | ఆదివారం రాత్రి 9:15

అవతలి పక్షమూ చెప్పాలి. ఇరాకీ సైనికులు మ్యూజియం ఆవరణలోంచే కాల్పులు జరిపారు. ట్యాంకు తిరిగి కాల్చిన గుండు ముందు వైపు ద్వారానికి పెద్ద బొక్క పెట్టింది. మ్యూజియాన్ని మోర్చాగా వాడుకుంటే హేగ్ ఒప్పందం ఇచ్చే రక్షణ కూడా పల్చబడుతుంది. అందుకని 9, 10 తేదీల్లో లోపలికి వెళ్లడం కష్టమన్నది నేను ఒప్పుకుంటా. 12న సిబ్బంది తిరిగొచ్చి కాపలా అడిగారు. ట్యాంకులు వచ్చింది 16న. ఆ నాలుగు రోజులకి ఇప్పటిదాకా సరైన జవాబు వినలేదు.

కొలనుపాక_కుర్రోడు | ఆదివారం రాత్రి 9:41

ముందు జాగ్రత్తతో కాపాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా సర్? అన్నీ పోయిన కథలేనా?

గోదారి_గట్టు | ఆదివారం రాత్రి 10:05

బీరుట్ చదువు. 1975లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు నేషనల్ మ్యూజియం సరిగ్గా రెండు వర్గాల మధ్య గీత మీద పడింది. డైరెక్టర్ మోరిస్ షెహాబ్, ఆయన భార్య ఓల్గా కాల్పులు ఆగిన పూటల్లో వెళ్లి పని చేయించారు. చిన్న వస్తువుల్ని బేస్‌మెంట్‌లో పెట్టి గోడ కట్టేశారు. కదపలేని రాతి శవపేటికలు, విగ్రహాల చుట్టూ కాంక్రీటు పోసి దిమ్మెలు చేసేశారు. పైన సైనికులు కాపురం పెట్టారు, గోడల నిండా రాతలు, గుళ్లు. ఒక మొజాయిక్‌లో స్నైపర్ తుపాకీ కోసం బొక్క కొట్టాడు. యుద్ధం అయ్యాక 1990ల్లో కాంక్రీటు పగలగొడితే లోపల శవపేటికలు అలాగే ఉన్నాయి. కింద చెమ్మకి కొన్ని పాడయ్యాయి, అది వేరే సంగతి.

కాబూల్‌లో పాత సమాధుల్లో దొరికిన బాక్ట్రియా బంగారం, 20 వేల పైచిలుకు ముక్కలు, బ్యాంకు ఖజానాలో దాచారు. తాలిబన్లకు కూడా దొరకలేదు. 2003లో ఉందని ప్రకటించారు.

నిప్పులాంటి_నిజం | ఆదివారం రాత్రి 10:18

మరి గాజా గురించి ఒక్కరూ నోరు మెదపరేం? ఒమరీ మసీదు 2023 డిసెంబర్‌లో కూలింది. ఖార్టూమ్ మ్యూజియం యుద్ధంలో ఖాళీ అయింది. అన్నీ ఇరాక్‌తోనే ఆగిపోయాయా?

మోడరేటర్ | ఆదివారం రాత్రి 10:33

గాజా, సూడాన్ రెండింటికీ వేరే థ్రెడ్ తెరుస్తున్నాను, అక్కడ రాయండి. ముఖ్యమే కాబట్టి వేరే చోటు. ఇక్కడ కలిపితే రేపటికి రాజకీయ తిట్లు తప్ప ఏమీ మిగలవని అనుభవం.

శాతవాహన_పొటిన్ | సోమవారం ఉదయం 7:20

ఒక ప్రాక్టికల్ ప్రశ్న. ఒక విదేశీ వెబ్‌సైట్‌లో చిన్న ముద్ర అమ్మకానికి ఉంది. 'పాత యూరప్ కలెక్షన్' అని రాశాడు. ఇలాంటిది సక్రమమో కాదో తెలుసుకునే దారేమిటి?

మట్టిపలక | సోమవారం ఉదయం 8:02

'పాత యూరప్ కలెక్షన్' అనే మాట ఎవడైనా రాసుకోవచ్చు. కాగితం అడగండి. తేదీ గుర్తుపెట్టుకోండి: 1990 ఆగస్టు 6. ఆ రోజు తర్వాత ఇరాక్ నుంచి అక్రమంగా బయటికొచ్చిన పురావస్తువుల వ్యాపారాన్ని ఆపాలని 2003 మే నెలలో భద్రతా మండలి 1483 తీర్మానం చెప్పింది. అంతకుముందు వచ్చినవి కూడా అన్నీ సక్రమం కాదు, 1936 నుంచే ఇరాక్‌లో పురావస్తు చట్టం ఉంది. పాత వేలం కేటలాగ్, ఎగుమతి అనుమతి, తేదీ ఉన్న ఫోటో, ఇలాంటివి ఏమైనా చూపించగలడా?

మనవాళ్లకి ఇది పరాయి సమస్య ఏమీ కాదు. ప్రకాశం జిల్లా చందవరం నుంచి పోయిన బౌద్ధ శిల్పం ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది. వాళ్లు 2005లో న్యూయార్క్ డీలర్ దగ్గర డబ్బిచ్చి కొన్నారు. 2016లో వెనక్కి ఇచ్చారు. ఇక్కడ యుద్ధం కూడా లేదు.

సిరిసిల్ల_శీను | సోమవారం ఉదయం 8:45

మా క్యాంపు గేటు దగ్గర కూడా ఇట్లాంటి గొట్టాలు అమ్ముతుండె. నకిలీవే ఎక్కువ అని అక్కడివాళ్లే నవ్వేవాళ్లు. పైసలు పెట్టేముందు అది కూడా చూసుకోండి సార్.

శాతవాహన_పొటిన్ | సోమవారం రాత్రి 9:26

అమ్మేవాడికి మెయిల్ పెట్టాను. మొదట తన తాతగారిది అన్నాడు. కాగితం అడిగితే 2011 నాటి ఇన్వాయిస్ ఒకటి పంపాడు. అంతకుముందుది లేదట. కొనడం లేదు.

కానీ మట్టిపలక గారూ, నా వాదన నేను వదల్లేదు. కాగితం లేని వస్తువులు ఇప్పటికే వేలల్లో జనం దగ్గర ఉన్నాయి. వాటిని ఏం చేయాలి? ఎవరూ కొనకూడదు, ఎవరూ చదవకూడదు, ప్రచురించకూడదు అంటే అవి చెత్తబుట్టలోకి పోతాయి. దానికి మీ దగ్గర జవాబుందా?

మట్టిపలక | సోమవారం రాత్రి 10:10

కొనడం వేరు, చదవడం వేరు. చదవడం మీద మా రంగంలోనే గొడవ నడుస్తోంది. ఊరూ పేరూ లేని పలకల్ని ప్రచురిస్తే వాటి ధర పెరుగుతుందని కొన్ని పత్రికలు అసలు వేసుకోవు. రాసి ఉన్నది వదిలేస్తే రెండోసారి పోగొట్టుకున్నట్టే అని ఇంకొందరు. నేను రెండో పక్షం, ఒక షరతుతో: వస్తువు ఇరాక్‌కి తిరిగి వెళ్లే ఏర్పాటు ముందు జరగాలి, చదవడం తర్వాత. ఇరిసగ్రిగ్ పలకల్లో కొన్ని అలాగే వెళ్లాయి.

కొలనుపాక_కుర్రోడు | సోమవారం రాత్రి 10:31

చదవాలనుకునేవాళ్లు కొనక్కర్లేదు పొటిన్ అన్నా. సీడీఎల్ఐ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో మ్యూజియాల పలకల వివరాలు లక్షల్లో ఉన్నాయి, చాలావాటికి ఫోటోలు కూడా. ఉచితమే. ఉమ్మా అని కొడితే ఉమ్మావి వస్తాయి. శీను అన్నకి ఆ బార్లీ రిజిస్టర్లు కావాలంటే లింకులు మెసేజ్ చేస్తాను.